గింజలో కాపురము – పప్పుపురుగుల జీవితచరిత్ర

వేసవి వచ్చి, గూనలో దాచిన కందులను పప్పు విసరుటకు బయటికి తీసినపుడు, గింజకొక గుండ్రని రంధ్రము కనబడుట మన యిండ్లలో అపూర్వమేమియు కాదు. "కందులు పుచ్చినవి" అని తెలుగువారు, "ఘున్ లగ్ గయా" అని ఉర్దూ మాట్లాడువారు చెప్పుకొనుచుందురు.  సంస్కృతమున కొయ్యను తొలుచు పురుగునకు ఘుణమని పేరు. ఆ మాటయే ఉర్దూ, హిందీలలో "ఘున్" ఐనది. పురుగు తొలిచిన గీతలలో దైవికముగా ఒక అక్షరపు ఆకారము ఏర్పడుటను మన పండితులు "ఘుణాక్షర న్యాయ"మనిరి. గోధుమలతోపాటు ఘున్ కూడ నలుగునను సామెత ఉర్దూలో నేటికిని వాడుకలో నున్నది. ఇట్లు మన రెండు భాషలును ఈ పురుగును ఏనాడో గుర్తించినవి. అయితే అది గింజలోనికి ఎట్లు ప్రవేశించును, ద్వారము కనబడని యింటిలో ఎట్లు పెరుగును, అను ప్రశ్నలకు సమాధానము చెప్పినది కీటకశాస్త్రము. ఆ సమాధానమును మా విద్యార్థి మిత్రులకు సులభముగా తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది కేవలము వంటింటి విషయమని తలపరాదు. కనగానపల్లి మొదలుకొని ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరకు గల మన ప్రాంతము వానచాటు సీమ. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడుటకు పూర్వము మనము భాగముగా నుండిన అనంతపురము జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మెట్టచేలలో వేరుశనగయు, దాని సాళ్ళ నడుమ కందియు, ఆపై అలసంద, పెసర, ఉలవ, అనుములును మన రైతుల ఆధారము. వాన కురిసిన వారము దినములలో విత్తనము పడవలయును. ఆనాడు సంచి విప్పగా గింజలు డొల్లలై యుండినచో, ఆ రైతునకు పోయినది కొన్ని కిలోల ధాన్యము కాదు, ఒక సంవత్సరపు జీవనము.

ముక్కు లేని పురుగు

లోకమున ఈ పురుగులను ముక్కుపురుగులలో చేర్చి చెప్పుట పరిపాటి. ఇది పొరపాటు. బియ్యమును తొలుచు పురుగునకు తొండము వంటి పొడవైన ముక్కు ఉండును. దానితో గింజకు బెజ్జము చేసి, అందులో గ్రుడ్డు పెట్టును. పప్పుపురుగునకు అట్టి ముక్కు లేదు. 1758లో స్వీడను దేశపు లినేయస్ మహాశయుడు దీనికి శాస్త్రీయనామము పెట్టినపుడు ముక్కుపురుగుల ప్రజాతిలోనే చేర్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు బ్రూకిడే అను ప్రత్యేక కుటుంబమును కల్పించిరి. నేటి వర్గీకరణలో ఇవి ఆకులను తిను పెంకుపురుగుల కుటుంబమగు క్రైసోమెలిడేలో ఒక ఉపకుటుంబము. ప్రపంచమున సుమారు 1,700 జాతులు గుర్తింపబడినవి. వానిలో అధిక భాగము అడవిచెట్ల విత్తనములలో జీవించుచు మన జోలికి రావు. మనిషి దాచుకొన్న గింజకు అలవాటుపడినవి ఏ ఇరువది జాతులో మాత్రమే.

మన ఇండ్లలో ముఖ్యముగా కనబడునవి రెండు. మొదటిది కాలోసోబ్రూకస్ కైనెన్సిస్. కంది, పెసర, శనగ, ఉలవలు దీనికి ప్రీతి. రెండవది కాలోసోబ్రూకస్ మాక్యులేటస్. ఇది అలసందలకు ప్రబల శత్రువు. రెండును మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు గల గోధుమవర్ణపు పురుగులు. ముందురెక్కలు కురుచవగుటచే పొట్ట చివర బయటికి కనబడుచుండును. కైనెన్సిస్ జాతి మగపురుగునకు స్పర్శశృంగములు దువ్వెన పండ్లవలె నుండును. ఆడుదానికి రంపపు పండ్లవలె నుండును. సామాన్యమైన భూతద్దముతోనే మన విద్యార్థులు ఈ భేదమును గుర్తింపవచ్చును.

ఇక్కడ మరియొక మాట. లోపల పురుగులున్న పండనగానే మనకు మేడిపండు స్ఫురించును. దానిని లోకమునకు దృష్టాంతముగా చూపిన వేమన యోగి సమాధి కదిరి సమీపమున కటారుపల్లెలో నున్నది. అయితే మేడిపండులోనివి కందిరీగల జాతికి చెందిన సూక్ష్మకీటకములు. అవి ఆ చెట్టు పువ్వులకు పరాగసంపర్కము చేసి మేలు చేయును. పప్పుపురుగు అట్టి ప్రత్యుపకారమేదియు చేయదు.

ద్వారము లేని ఇల్లు

ఆడుపురుగు నునుపైన గింజపై గ్రుడ్డు పెట్టి, జిగురుతో దానిని అతికించును. ఆవగింజలో సగమైనను లేని ఆ తెల్లని చుక్కలను పుచ్చిన కందులపై మనమందరము చూచియే యుందుము. ఒక ఆడుపురుగు తన జీవితకాలమున ఇంచుమించు 80 గ్రుడ్లు పెట్టగలదు. ఒకే గింజపై అన్నిటిని కుమ్మరింపక, గ్రుడ్డు పెట్టిన గింజపై ఒక వాసనముద్ర వేసి, మరియొక గింజను వెదకుకొనును. బిడ్డలకు తిండి పంచుటలో ఇంతటి లెక్క గల తల్లి ప్రకృతిలో అరుదు.

నాలుగైదు దినములలో గ్రుడ్డు లోపల డింభకము తయారగును. అది బయటి గాలిని చూడనే చూడదు. గ్రుడ్డు అడుగుభాగమును, దాని క్రింది గింజ తొక్కను తొలిచి నేరుగా గింజలోనికి దిగిపోవును. తొలిచిన పొడిని వెనుకకు నెట్టుటచే ఖాళీయైన గ్రుడ్డుపెంకు ఆ పొడితో నిండి తెల్లబడును. ఆ పెంకు ప్రవేశద్వారమును మూసివేయును. కనుకనే పైకి గింజ నిండుగా కనబడును, లోపల భోజనము సాగుచుండును. డింభకము నాలుగు దశలుగా పెరిగి, గింజలోని పప్పును తిని, గది చేసికొని, కోశస్థ దశకు చేరును. అంతకుముందే అది ఒక ముందుచూపు చూపును: తొక్కను పూర్తిగా తొలువక, పలుచని గుండ్రని పొర మాత్రము మిగిల్చి కిటికీ సిద్ధము చేయును. రూపాంతరము ముగిసిన తరువాత ప్రౌఢకీటకము ఆ పొరను మూతవలె కోసి బయటికి వచ్చును. మనము చూచు రంధ్రము పురుగు ప్రవేశించినది కాదు, వెడలిపోయినది. కావున రంధ్రము కనబడునప్పటికే గింజ నష్టమైపోయినదని తెలియవలయును.

30 డిగ్రీల వేడిమిలో ఈ చక్రమంతయు దాదాపు 25 నుండి 30 దినములలో ముగియును. బయటికి వచ్చిన పురుగు పది పండ్రెండు దినములు జీవించును. దానికి తిండితో గాని నీటితో గాని అగత్యము లేదు. డింభకదశలో తిన్నదే దాని జీవితకాలపు గ్రాసము. బయటపడిన దినముననే జతకట్టి, మరల గ్రుడ్లు పెట్టనారంభించును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక జంట పెట్టిన 80 గ్రుడ్లును ఫలించి, వానిలో సగము ఆడువైనచో, నెలకు 40 జంటలు. రెండవ నెలకు 3,200 పురుగులు. మూడవ నెలకు 1,28,000. కిలో కందులలో సుమారు 10,000 గింజలుండును. పురుగునకొక గింజ చొప్పున ఒక్క జంట సంతతి మూడు నెలలలో పండ్రెండు కిలోలకు పైగా డొల్ల చేయగలదు. నిజమునకు పోటీ, మరణము, పరాన్నజీవులైన చిన్న కందిరీగలు ఈ సంఖ్యను తగ్గించును. కాని కంది ఇంటికి చేరునది జనవరి ప్రాంతమున, విత్తునది జూన్, జూలైలలో. ఆ నడిమి కాలము పురుగునకు ఐదారు తరములు!

ఇంతకును మొదటి జంట ఎక్కడినుండి వచ్చును? "గింజలో తనంతట పుట్టినది" అను నమ్మకము పల్లెలలో కలదు. కాదు. కాయ పండి ఎండుచున్న దశలోనే గాదెలనుండి ఎగిరి వచ్చిన పురుగులు చేనిలో గ్రుడ్లు పెట్టును. పంటతోపాటు అవి మన యింటికి చేరును. పాత సంచుల కుట్లలో, గాదె పగుళ్ళలో మిగిలిన పురుగులు వానికి తోడగును.

ఈ రహస్య ప్రయాణము ఒకప్పుడు లినేయస్ శిష్యుడైన పేర్ కాల్మ్‌నే భయపెట్టెను. ఉత్తర అమెరికా పర్యటన ముగించి 1751లో స్టాక్‌హోం చేరిన ఆయన, వెంట తెచ్చిన బఠాణీల పొట్లము విప్పగా, ప్రతి గింజనుండియు పురుగులు తొంగిచూచుచుండెను. తన దేశమునకు ఈ తెగులును తానే తెచ్చితినేమో అని వెరచి ఆయన పొట్లమును తక్షణమే మూసివేసెను. అయితే బఠాణీ పురుగు పచ్చికాయపైననే గ్రుడ్లు పెట్టును, ఏడాదికొక్క తరమే. ఎండిన గింజపై తరములకు తరములు వృద్ధి పొందు మన పప్పుపురుగు దానికంటె అనేక రెట్లు ప్రమాదకారి.

చింతచెట్టునుండి వేరుశనగకు

మన సీమకు ప్రత్యేకముగా సంబంధించినది మరియొక జాతి కలదు: కారియెడాన్ సెర్రేటస్. సుమారు ఏడు మిల్లీమీటర్ల పొడవు, ఎరుపుచాయ గల గోధుమరంగు, లావైన వెనుకతొడలు దీని గుర్తులు. దీని సహజనివాసములలో ముఖ్యమైనది చింతకాయ. చింత గింజలను తొలుచు పురుగు ఇదియే. హిందూపురపు సంత చింతపండునకు పేరుపొందినది. మన ఊళ్ళ గట్లపై, దారుల వెంట చింతచెట్లకు కొదువ లేదు. అరబ్బులు ఈ పండును "తమర్ హింద్", అనగా హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి; ఆంగ్లనామము దానినుండియే వచ్చినది.

వేరుశనగ దక్షిణ అమెరికా పంట. సముద్రయానముల కాలమున అది ఆఫ్రికా, ఆసియా ఖండములకు చేరినపుడు, చింతకు అలవాటుపడిన ఈ పురుగునకు క్రొత్త భోజనము దొరకెను. పశ్చిమ ఆఫ్రికాలోను, మన దేశములోను నేడు ఇది వేరుశనగ నిల్వలకు ప్రధాన శత్రువు. సామాన్యముగా నిల్వపురుగులు పగిలిన కాయలోనికి, లేదా ఒలిచిన గింజలోనికి మాత్రమే పోగలవు. ఈ పురుగు డింభకము మాత్రము చెక్కుచెదరని కాయపెంకును సైతము తొలిచి లోపలి గింజను చేరును. పెరిగిన తరువాత తరచుగా బయటికి వచ్చి, కాయపైనగాని రాశి అడుగునగాని కాగితమువంటి పలుచని గూడు అల్లుకొనును. రాశి అడుగున ఇట్టి గూళ్ళు కనబడినచో జాగ్రత్తపడవలయును.

"కాయలోనే ఉంచితిమి గదా, విత్తనమునకు భయము లేదు" అను ధీమా ఇందువలన చెల్లదు. ఎకరమునకు సుమారు 60 కిలోల గింజ అవసరమగు పంట వేరుశనగ. రైతు ఖర్చులో విత్తనమే పెద్ద పద్దు. నవంబరులో ఎత్తిన కాయను జూన్ వరకు కాపాడలేనివాడు అప్పుచేసి క్రొత్త విత్తనము కొనవలసియుండును. పురుగు చేసిన రంధ్రముగుండ ఆస్పర్జిల్లస్ అను బూజు ప్రవేశించినచో కాలేయమునకు హానిచేయు అఫ్లాటాక్సిన్ అను విషము కూడ ఏర్పడవచ్చును. పుచ్చిన గింజలను బాగుచేసి నూనెకు పంపుట, పశువులకు పెట్టుట మంచిది కాదు.

గింజ ఆత్మరక్షణ

గింజ మాత్రము చేతులు ముడుచుకొని కూర్చుండునా? పిండిపదార్థమును జీర్ణించుకొను రసమును అడ్డు ప్రొటీనులు కొన్ని గింజలలో నుండును. పప్పుపురుగు రాజ్మా గింజలపై కూడ గ్రుడ్లు పెట్టును. లోపలికి పోయిన డింభకము ఆహారము మధ్యనే ఆకలితో చచ్చును. తల్లి నునుపును మాత్రమే చూచును. గాజుపూసలపై సైతము అది గ్రుడ్లు పెట్టుట ప్రయోగశాలలలో చూచినదే.

నైజీరియాలోని ఇబాదాన్ అంతర్జాతీయ సంస్థలో వేలకొలది అలసంద రకములను పరీక్షించి, టీవీయూ 2027 అను రకమున నిరోధకశక్తిని కనుగొనిరి. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రాజ్మాలోని రక్షక ప్రొటీను జన్యువును బఠాణీలో ప్రవేశపెట్టి, పురుగు తినలేని బఠాణీని సృష్టించిరి. కాని ఆ బఠాణీ తినిన ఎలుకలలో ఊపిరితిత్తుల వాపు కనబడుటచే 2005లో ఆ యత్నమును విరమించిరి. పురుగునకు పడనిది మనకు పడునా అను ప్రశ్నను ముందుగా వేసికొనుట విజ్ఞానమునకు అలంకారమే.

పెద్దల ఉపాయములు, వానిలోని శాస్త్రము

మన పెద్దలు పుస్తకములు చదువకయే కొన్ని మార్గములు కనిపెట్టిరి. కందులకు, పెసలకు ఆముదము పట్టించుట అందొకటి. కిలో గింజకు ఐదు మిల్లీలీటర్ల నూనె చాలునని నేటి పరిశోధనలు తేల్చినవి. నూనెపొర గ్రుడ్డునకు గాలి అందకుండ చేయును. రెండవది ఎఱ్ఱమన్ను కట్టుట. మూడవది బూడిద కలుపుట. గింజల నడుమ సందులను ఇవి పూడ్చివేసి పురుగు సంచారమును ఆపును. పురుగు ఒంటిపై గల మైనపు పూతను ఒరసి, దాని శరీరపు తేమను హరించును. నాలుగవది గింజను పప్పుగా విసరి దాచుట. నునుపైన నిండుగింజ వలె బద్ద ఈ పురుగునకు అనుకూలింపదు. ఐదవది పాతర. నేలలో గుంత త్రవ్వి, ధాన్యము నింపి, మూత వేసి మట్టి మెత్తుట మన సీమలో పూర్వాచారము. మూసిన పాతరలో గాలి త్వరలోనే క్షీణించును.

ఈ చివరి ఉపాయమున ఒక వింత కలదు. ఎండిన గింజలో నీరు పదింట ఒక వంతైనను ఉండదు. మరి డింభకమునకు నీరెక్కడిది? అది తాను తినిన పిండిపదార్థమును ఆక్సిజనుతో మండించి, ఆ రసాయనక్రియలో పుట్టిన నీటినే వాడుకొనును. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున లారీ మర్డాక్, ఆయన సహచరులు 2012లో ఈ విషయమును వివరించిరి: గాలి చొరని సంచిలో పురుగు చచ్చుట ముఖ్యముగా దప్పికవలననే. ఆక్సిజను తగ్గినపుడు తినుట మానును, నీరు పుట్టదు, ఎండి చచ్చును. కరవుసీమ గింజను కాపాడుటకు పురుగునకే కరవు కల్పించుట! ఆ విశ్వవిద్యాలయమువారు 1980ల చివరి సంవత్సరములలో ఆఫ్రికాలోని కామెరూన్ రైతులకొరకు రూపొందించిన మూడు పొరల సంచి ఈ సూత్రముపైననే పనిచేయును: లోపల రెండు పాలిథీన్ సంచులు, పైన ఒక నేతసంచి, విడివిడిగా బిగించిన మూతులు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కందులకును, వేరుశనగకును వీనిని పరీక్షించి మేలైన ఫలితములు ప్రకటించిరి. మూత బిగువుగా నుండు డబ్బాను అంచుదాక నింపినను గృహస్థునకు కొంతవరకు అదే ఫలము కలుగును.

ఎండయు మంచి ఔషధమే. నల్లని పట్టాపై గింజలు పలుచగా పరచి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి అంచులు మూసినచో వేడిమి 57 డిగ్రీలు దాటును; ఆ వేడిలో గంటసేపటికి అన్ని దశల పురుగులును నశించునని అలసందలపై చేసిన ప్రయోగములు తెల్పినవి. కాని వేరుశనగ విత్తనమునకు ఈ పద్ధతి తగదు. తీవ్రమైన వేడి దాని మొలకశక్తిని చెరచును. దానిని కాయగానే మెల్లగా, తేమ నూటికి ఎనిమిది వంతులకు లోబడునట్లు ఆరబెట్టి, చింతకాయల రాశికి, చింతగింజల బస్తాలకు దూరముగా భద్రపరుపవలయును.

ఇక అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల మాట. వానినుండి వెలువడు ఫాస్ఫీన్ వాయువు పురుగును చంపును. అదే గదిలో నిద్రించు మనిషిని కూడ చంపును. మన దేశమున దాని వాడుక నిపుణుల పర్యవేక్షణకే పరిమితము. ఇంటిలో, ముఖ్యముగా పిల్లలు పండుకొను గదిలో, ఎన్నడును వాడరాదు.

మన ప్రయోగశాలలో

ఈ పురుగు శత్రువే ఐనను విద్యార్థికి చక్కని గురువు. జపానులోని క్యోటోలో ఉతిద అను శాస్త్రజ్ఞుడు 1940ల నుండి ఈ పురుగులను చిన్న గాజుపాత్రలలో పెంచి, జనసంఖ్య పెరుగుదల, తరుగుదలల సూత్రములను అధ్యయనము చేసెను. నేడును అనేక దేశముల కళాశాలలలో అలసందపురుగు ప్రయోగజీవి. దీనికి ఖరీదైన పరికరము అక్కరలేదు.

జంతుశాస్త్ర విద్యార్థులకు మా సూచన ఇది. నాలుగు సీసాలలో వంద చొప్పున శుభ్రమైన పెసలు పోసి, మూడు జంటల పురుగులను ఒక్కొక్కదానిలో విడువుడు. మొదటిదానిలో ఏమియు కలుపవలదు. రెండవదానిలో నూనె, మూడవదానిలో బూడిద పట్టించిన గింజలుండవలయును. ఈ మూటికిని పలుచని గుడ్డ కట్టుడు. నాలుగవ సీసాను మాత్రము గింజలతో అంచుదాక నింపి, గాలి చొరకుండ మైనముతో మూయుడు. నలువది ఐదు దినముల తరువాత ప్రతి సీసానుండియు వంద గింజలు తీసి రంధ్రములు లెక్కించి, ఆపై తడిగుడ్డలో మొలకకు పెట్టుడు. ఎన్ని మొలచినవో వ్రాసి పట్టిక కట్టినచో, తెలుగు మాధ్యమమువారికిని, ఉర్దూ మాధ్యమమువారికిని చదువదగిన పాఠము అందే యుండును.

కళాశాల సంఘమువారికి మా విన్నపము కూడ కలదు. ఆ పట్టికను రెండు భాషలలో ఒక పెద్ద కాగితముపై వ్రాయించి, ఏప్రిల్, మే నెలలలో విద్యార్థుల చేతికిచ్చి వారి ఊళ్ళకు పంపుడు. ఆ నెలలలోనే విత్తనపు గూనలు నిశ్శబ్దముగా డొల్లలగుచుండును. మన విద్యార్థులలో అనేకులు రైతుబిడ్డలు. తొలకరినాడు తండ్రి సంచి విప్పునపుడు నిండు విత్తనము చేతికి వచ్చినచో, ఆ యేటి విజ్ఞానశాస్త్ర పరీక్షలో మనమందరము ఉత్తీర్ణులమైనట్లే.